ఎడమ మూల

ఆరో తేదీ, మంగళవారం

రోజంతా నేను వాగేదాన్ని ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోమన్నాడు మా ఆయన. వ్యాన్ నడిపి ఇంటికొచ్చేసరికి చెవుల్లో హారన్ల మోత, దాని మీద నా మోత, మనిషన్నవాడు ఎంతకని తట్టుకుంటాడు అంటాడు. సరే, రాస్తున్నా. ఫోన్‌లోనే, కౌంటర్ వెనక నిలబడి, బేరానికీ బేరానికీ మధ్య. తప్పులున్నా పట్టుకునేవాళ్ళెవరు, చదివేది నేనేగా.

ఇవాళ బోలెడుంది రాయడానికి. పొద్దున ఆటసామాన్ల షాపు తీయకుండా మా చెల్లెలు చిట్టితో షటిల్ హాలుకి వెళ్ళాను. కాలేజీ నుంచి ఒక మేడం వచ్చి ఆటగాళ్ళ కళ్ళని పరీక్ష చేస్తోంది. కళ్ళజోడు లాంటిది పెడుతుంది. దానికి బుల్లి బుల్లి కెమెరాలు. మనం ఎటు చూస్తే తెర మీద అటు ఒక ఎర్రచుక్క వెళ్తుంది. మనసులో మాట బయటికొచ్చినట్టే ఉంది. అందరూ ఆవిణ్ణి కళ్ళ మేడం అంటున్నారు, నేనూ అదే అన్నాను, ఆవిడేం అనుకోలేదు.

ముందు సరదాకి నాకు పెట్టింది. చిట్టి ఆడుతుంటే చూడమంది. నా చుక్క బెల్లం కోసం వచ్చిన ఈగలా ఎగిరింది. తలుపు తీసుకుని ఎవరో వస్తే తలుపు మీదకి, ఎవరో దగ్గితే వాళ్ళ మీదకి.

"మీకు షాపుందా?" అంది మేడం.

"ఎలా కనిపెట్టారు?"

"ఎవరొచ్చినా ముందు వాళ్ళ ముఖం చూస్తున్నారు."

తర్వాత చిట్టికి పెట్టి ఆడించి, పక్కగదిలో తెర మీద తన చుక్క చూపించింది. అబ్బ! కొత్తవాళ్ళ కళ్ళు షటిల్ వెనకాల పరిగెడతాయట, కుక్కపిల్లలా. చిట్టి చుక్క అవతలి మనిషి భుజం మీద, చేతి మీద నిలబడి, ఒక్క గెంతు గెంతి షటిల్ పడబోయే చోట ముందే వెళ్ళి కూర్చుంది. షటిల్ తర్వాత తీరిగ్గా వచ్చింది. "మీ చెల్లెలి కళ్ళు అతిథి కంటే ముందు వెళ్ళి కుర్చీ వేస్తున్నాయండీ" అంది మేడం. నాకు ఏడుపొచ్చింది. అమ్మ పోయాక నా చేతుల్లో పెరిగిన పిల్ల. ఇరవయ్యారేళ్ళొచ్చాయి, మోకాలు మొరాయిస్తోంది. ఈ ఏడాది టీములోకి రాకపోతే ఇంక ఆపేస్తానని తనే అంటోంది.

ఒక్క చిన్న లోపం ఉంది. నెట్ దగ్గర మెత్తగా డ్రాప్ వేసేముందు చిట్టి చుక్క టక్కున నెట్ ఎడమ మూలకి వెళ్ళొస్తోంది. కనురెప్ప పాటు. తనకే తెలీదట. ముందు నమ్మలేదు. ఆరుసార్లు చూపిస్తే నమ్మింది.

"సరిచెయ్యొచ్చు, కానీ కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా ఇది ఈ గదిలోనే ఉండాలి" అంది మేడం. గదిలో ఉన్నది మేం ముగ్గురమే.

"నా గురించి బెంగ పెట్టుకోకండి, నాది తాళం వేసిన నోరు" అన్నాను. చిట్టి పగలబడి నవ్వింది.


ఎనిమిది, గురువారం

నిచ్చెన వచ్చింది, బ్యాట్‌కి గట్టింగ్ చేయించుకోడానికి, అంటే కొత్త తీగ కట్టించుకోడానికి. ఆ పిల్ల పొడుగుకి హాల్లో అందరూ పెట్టిన పేరది, తనకీ ఇష్టమే. చిట్టికి పోటీ అంటే అదే. టీములో ఉన్నది ఒక్క చోటు. ఇద్దరూ రెండుసార్లు ఆడాలి, మొదటిది ఎల్లుండే. అయినా నా దగ్గరికే వస్తుంది. మంచి పిల్ల. నేను తీగ లాగుతుంటే స్టూలు మీద కూర్చుని కబుర్లు.

మాటల్లో పడి తీగ బిగువు రెండుసార్లు సరిచూసుకోవాల్సి వచ్చింది.

షటిళ్ళ డబ్బాలు కొత్తవి వచ్చాయి. ఈసారి ఈకలు బాగున్నాయి.


పది, శనివారం

ఓడిపోయింది. తొమ్మిది, పదకొండు. రెండు గేములూ, ఇరవయ్యొకటికి.

నిచ్చెన చేతిలో ఎప్పుడూ ఇలా ఓడలేదు.


పదకొండు, ఆదివారం

చిట్టి గదిలోంచి బయటికి రాలేదు. మా ఆయన తలుపు దగ్గర నిలబడి, "మరదలా, తలుపు తీస్తే నీకో మంచి జోకు చెప్తా, తియ్యకపోతే రెండు చెప్తా" అన్నాడు. మామూలుగా అయితే దిండు విసిరేది.

మధ్యాహ్నం వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "అక్కా, నేను డ్రాప్ వెయ్యకముందే నిచ్చెన అక్కడుంది. నేను బ్యాట్ ఎత్తుతుంటేనే కదిలింది. ఒకసారి కాదు, ప్రతిసారీ."

"పొడుగు కాళ్ళు కదే, ఒక్క అంగలో వచ్చేస్తుంది" అన్నాను.

"కాళ్ళు పోయిన నెల కూడా అంతే ఉన్నాయి."

నేను టీ పెట్టడానికి లేచాను. అప్పటికే టీ తాగి అరగంట కాలేదు.


పన్నెండు, సోమవారం

గురువారం నాడు నేను నిచ్చెనతో ఏం మాట్లాడానో గుర్తు చేసుకుంటున్నా. కళ్ళ మేడం గురించి మాట్లాడాను, నిజమే. ఆ మేడం గురించి ఊరంతా మాట్లాడుతోంది. చిట్టి కళ్ళు ఎంత గొప్పవో చెప్పాను, అందులో తప్పేముంది, అక్కని. మరీ గొప్పలు పోతున్నానని అనుకుంటుందేమోనని చిన్నగా ఇంకేదో కూడా అన్నట్టున్నాను. మూల అన్న మాట అన్నానో లేదో. అనలేదనుకుంటా.

ఆ పిల్ల తనంతట తను కనిపెట్టి ఉండొచ్చు. ఏళ్ళ తరబడి ఎదురెదురుగా ఆడుతున్నారు.


పదమూడు, మంగళవారం

అన్నాను. "ఒక్కటే లోపమట, డ్రాప్ వేసేముందు ఎడమ మూలకి చూస్తుందట, పిచ్చిమొహం" అన్నాను. పిచ్చిమొహం అని కూడా అన్నాను, ముద్దుగా. నిచ్చెన "అలాగా అక్కా" అంది. నేనే ఇంకేదో మొదలుపెట్టాను. షటిళ్ళ ఈకల గురించి.

బ్యాట్ తీసుకుని వెళ్తూ తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఏమైనా మర్చిపోయావా అన్నాను. లేదక్కా అంది.


పద్నాలుగు, బుధవారం

ఇలా జరుగుతుందనుకోలేదు.

చిట్టికి భోజనం డబ్బా ఇద్దామని హాలుకి వెళ్ళాను. లోపల్నుంచి అరుపులు. చిట్టి గొంతే. కళ్ళ మేడం గోడకి ఆనుకుని నిలబడి ఉంది, చేతిలో ఆ కళ్ళజోడు. మిగతా ఆటగాళ్ళు బ్యాట్లు ఆపేసి చూస్తున్నారు.

"మీ దగ్గర తప్ప ఆ వీడియో ఇంకెవరి దగ్గరుంది? చెప్పండి!" అంటోంది చిట్టి.

"నేనెవరికీ చూపించలేదమ్మా."

"మరి ఆ నిచ్చెనకి కలొచ్చిందా?"

కోచ్ సారు మధ్యలోకి వచ్చాడు. ఆయనకి మొదట్నుంచీ ఈ మెషిన్లంటే గిట్టదు. "మేడం, మీ పరిశోధనకి మా పిల్లలే దొరికారా? సామాను సర్దుకోండి. రేపట్నుంచి రావొద్దు" అన్నాడు.

ఆవిడ నా వైపు చూసింది. కోపంగా కాదు. లెక్కలో తేడా ఎక్కడొచ్చిందో వెతికేవాళ్ళు చూసినట్టు చూసింది. ఇదే అదను. ఒక్క మాట చాలు. నేను డబ్బా ఎత్తి చూపించి, "చిట్టీ, ముందు అన్నం తినమ్మా, చల్లారిపోతుంది" అన్నాను.

చల్లారిపోతుంది అన్నాను. అందరూ విన్నారు.


పదిహేను, గురువారం

ఇవాళ షాపుకి ఎవరూ రాలేదు.

వచ్చారు. రాలేదని రాయాలనిపించింది. కళ్ళ మేడం వచ్చింది.

నేను గబగబా గ్రిప్పుల గురించి, కొత్త బూట్ల గురించి, వానల్లో తీగ బిగువు ఎలా తగ్గిపోతుందో దాని గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాను. ఆవిడ అన్నీ విన్నది. నేను ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు అంది, "ఆ రోజు గదిలో ముగ్గురమే ఉన్నాం కదండీ."

"అవునండీ, ముగ్గురమే" అన్నాను.

ఆవిడ ఇంకా ఆగింది. నేను షటిళ్ళ డబ్బా తీసి కౌంటర్ మీద పెట్టాను. ఎందుకు పెట్టానో తెలీదు. ఆవిడ దానికి డబ్బులిచ్చి, డబ్బా చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ షటిల్ ఆడదు.


పదిహేడు, శనివారం

నిచ్చెన గట్టింగ్‌కి వస్తే మెషిన్ పాడైందని చెప్పాను. నా వెనకాలే మెషిన్ మీద వేరేవాళ్ళ బ్యాట్ బిగించి ఉంది.


పద్దెనిమిది, ఆదివారం

మా ఆయన అడిగాడు, "ఏంటే, వారం రోజులుగా ఇల్లు ఆస్పత్రిలా ఉంది. ఫోన్‌లో రాసుకుంటే చాలా, నాకేం చెప్పవా?"

"చెవులకి సెలవు కావాలన్నారుగా" అన్నాను.

"సెలవన్నాను గానీ ఉద్యోగమే పీకెయ్యమన్నానా?"

నవ్వు రాలేదు. ఆయనకి చెప్తే ఆయన కడుపులో దాగదని అనుకున్నాను. నేనే ఆ మాట అనుకున్నాను. నేను.


ఇరవై, మంగళవారం

చిట్టి ఆట పూర్తిగా చెడింది. రెండో పోటీ శుక్రవారమే. డ్రాప్ వేసేముందు ఎటూ చూడకూడదని కళ్ళు బిగబట్టి ఆడుతోంది. అలా బిగబడితే అవతలి చెయ్యి కనపడదు, భుజం కనపడదు. ముందే వెళ్ళి కుర్చీ వేసే కళ్ళు ఇప్పుడు షటిల్ వెనకాల పరిగెడుతున్నాయి. నిన్న కోచింగ్‌కి వచ్చే చిన్నపిల్లల చేతిలో కూడా పాయింట్లు పోగొట్టుకుందట. కోచ్ సారే వచ్చి చెప్పాడు. "ఏమైందమ్మా మీ చెల్లెలికి? కళ్ళు తెరుచుకునే నిద్రపోతున్నట్టు ఆడుతోంది" అన్నాడు.

సాయంత్రం షాపు వెనక గదిలోకి వెళ్తే అద్దం ముందు కూర్చుని ఉంది. బ్యాట్ ఎత్తుతోంది, దించుతోంది, తన కళ్ళలోకి తనే చూసుకుంటోంది. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి, రెప్ప వెయ్యకుండా చూడాలని పట్టుదల.

"ఆపవే, కళ్ళు పోతాయి" అన్నాను.

"పోనీ. నా కళ్ళే నన్ను అమ్మేశాయక్కా" అంది.

అప్పుడైనా నేరుగా చెప్పొచ్చుగా. లేదు. షటిళ్ళ డబ్బాల దగ్గర మొదలుపెట్టాను. ఆ రోజు కొత్త సరుకు వచ్చిందని, పార్శిల్ వాడు ఆలస్యం చేశాడని, అందుకే నేను హడావుడిలో ఉన్నానని, నిచ్చెన స్టూలు మీద కూర్చుందని, నీ గురించి గొప్పగానే చెప్పాననీ... చిట్టి బ్యాట్ పక్కన పెట్టింది. అద్దంలోంచే నన్ను చూసింది.

"గట్టింగ్ చేస్తూ చెప్పావా?"

"ఊఁ."

"మూల కూడా చెప్పావా? ఎడమ అని?"

"ఊఁ."

"ఇంకేమన్నావు?"

పిచ్చిమొహం అన్న సంగతి కూడా చెప్పేశాను. దాచలేకపోయాను. దాచాల్సిందేమో.

మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. తర్వాత, "పాపం ఆ మేడాన్ని అందరి ముందూ దొంగని చేశాను" అంది. "నువ్వక్కడే ఉన్నావు. అన్నం చల్లారిపోతుందన్నావు."

తల కొట్టేసినట్టయింది. ఓడిపోయినందుకు అరుస్తుందనుకున్నాను. దానికి సిద్ధంగానే ఉన్నాను.


ఇరవై ఒకటి, బుధవారం

షాపు మూసేసి ముందు కోచ్ సారు దగ్గరికి వెళ్ళాను. పిల్లలందరూ ఉండగానే చెప్పాను. ఆ రోజు అందరి ముందూ జరిగింది కదా, ఇది గదిలో చెప్తే ఎలా. "మేడం ఎవరికీ చెప్పలేదండీ. నేనే వాగాను. నా షాపులో, నా నోటితో." నిచ్చెన అక్కడే ఉంది, బూటు లేసు కట్టుకుంటూ. కట్టిన లేసే మళ్ళీ కట్టుకుంది.

కోచ్ సారు తల గోక్కుని, "మీరా? నేనింకా..." అని ఆపేశాడు. మేడానికి ఫోన్ చేసి, రేపట్నుంచి రమ్మన్నాడు.

తర్వాత కాలేజీకి వెళ్ళాను. మేడం బల్ల మీద నా షటిళ్ళ డబ్బా, సీలు కూడా తియ్యలేదు. చెప్పాను. అంతా విన్నది.

"నాకు ఆ రోజే అర్థమైందండీ" అంది.

"మరి ఎందుకు చెప్పలేదు మేడం, అందరి ముందూ మాట పడ్డారు?"

"మీరు చెప్తారనుకున్నాను." డబ్బా కొంచెం పక్కకి జరిపింది. "రెండు రోజులు పడుతుందేమో అనుకున్నాను."

ఒక్కటే మంచి పని చేశాను, సమాధానం వెతకలేదు.

ఇంటికొచ్చాక మా ఆయనకీ చెప్పాను. ఆయన చెప్పులు విప్పుతున్నవాడు అలాగే ఒక కాలు మీద నిలబడిపోయాడు. "నా గురించి కూడా ఏమైనా చెప్పావా, ఆ స్టూలు మీద కూర్చున్నవాళ్ళకి?" అన్నాడు. జోకో నిజమో తెలీలేదు. ఆయనకీ తెలిసినట్టు లేదు.


ఇరవై రెండు, గురువారం

రేపే పోటీ.

పొద్దున చిట్టి నాతో మొన్నట్నుంచి మొదటిసారి మాట్లాడింది. టిఫిన్ ప్లేటు కడుగుతూ, వెనక్కి తిరక్కుండా.

"అక్కా, నిచ్చెన ఇవాళ షాపుకి వస్తుంది. బ్యాట్ తీగ తెగిందట. నువ్వొక మాట చెప్పాలి."

"ఏం మాట?"

"చిట్టికి ఆ అలవాటు పూర్తిగా పోయింది, మేడం సరిచేసింది, ఇప్పుడు ఎటూ చూడట్లేదు అని. అప్పుడు అది నా కళ్ళని చూడ్డం మానేస్తుంది."

"అబద్ధం చెప్పమంటావా?"

"నిజం చెప్పడం బాగానే వచ్చుగా నీకు. ఇది కూడా అలాగే చెప్పు."

ఇంత మాట నా చిట్టి నోటి నుంచి. అనేలా చేసింది నేనే. సరేనన్నాను.

నిచ్చెన మధ్యాహ్నం వచ్చింది. స్టూలు మీద కూర్చోలేదు, నిలబడే ఉంది. బ్యాట్ మెషిన్‌కి బిగించాను. తీగ లాగాను. ఒక పక్క, రెండో పక్క. ఇలాంటప్పుడు నా నోరు ఆగదు, ఇవాళ నోరు తెరవడానికి మెషిన్ కంటే బిగువు కావాల్సి వచ్చింది.

"మా చిట్టి ఇప్పుడు బాగా ఆడుతోందిలే. ఆ చూపు అలవాటు పూర్తిగా పోయింది. మేడం భలే సరిచేసింది. ఇప్పుడు ఎటూ చూడదు."

తలెత్తాను. నా ముఖమే చూస్తోంది.

"అక్కా, మీరెప్పుడూ నా ముఖం చూసి మాట్లాడతారు. ఇవాళ మెషిన్‌తో మాట్లాడుతున్నారు."

తీగ చేతిలోంచి జారింది.

"మీకో విషయం చెప్పాలనే వచ్చాను" అంది. "మీరు చెప్పేదాకా నాకు తెలీదక్కా. నేను కనిపెట్టలేదు. చెప్పాక చూడకుండా ఉండలేకపోయాను. ఆ రోజు ప్రతి పాయింటుకీ ఈసారి చూడను అనుకున్నాను. చూశాను."

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా వల్ల ఇంకొకత్తి కూడా సిగ్గుపడుతోంది. ఇది నా లెక్కలో లేనేలేదు. కూర్చోమన్నాను. కూర్చుంది. మిగతా తీగ ఇద్దరం ఏం మాట్లాడకుండా పూర్తి చేశాం, అంటే నేను చేశాను, తను చూసింది.

చిట్టికి చెప్పాను, నా వల్ల కాలేదు, నిచ్చెన పట్టేసిందని. కోప్పడుతుందనుకున్నాను. నా వంక అదోలా చూసి, "నీ కళ్ళు నా కళ్ళకంటే అన్యాయంగా ఉన్నాయే అక్కా" అంది. నవ్వు మూతిదాకా వచ్చి ఆగిపోయింది. తర్వాత, "నేను నిన్ను ఆ మాట అడక్కుండా ఉండాల్సింది" అని బ్యాట్ తీసుకుని మేడం దగ్గరికి వెళ్ళిపోయింది.

సాయంత్రం మేడం నాతో అంది, "కళ్ళు ఆపడం మానెయ్యమన్నానండీ. కావాలని చూడమన్నాను. డ్రాప్‌కి ముందే కాదు, ప్రతి దెబ్బకీ ముందు. అన్నిసార్లూ చూస్తే ఆ చూపుకి అర్థం ఉండదు. పని చేస్తుందో లేదో తెలీదు, ఒక్క రోజే ఉంది." నాకెందుకు చెప్పింది? చెప్పక్కర్లేదు కదా. నేనైతే నాకు చెప్పను.

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదని రాస్తున్నా.


ఇరవై మూడు, శుక్రవారం

వెళ్ళాలా వద్దా అని షాపు షట్టరు రెండుసార్లు తీసి మూశాను. చివరికి వెళ్ళాను. అందరి కంటే కింద, నెట్ స్తంభం పక్కన ఒక ఖాళీ బల్ల కనపడితే తల వంచుకుని కూర్చున్నాను. చూసి ఎంచుకున్నది కాదు. మిగతా చోట్ల తెలిసినవాళ్ళున్నారు.

ఆట మొదలైన కాసేపటికి అర్థమైంది నేనెక్కడ కూర్చున్నానో. చిట్టి ప్రతి దెబ్బకీ ముందు ఎడమ మూలకి చూస్తోంది. ఆ మూల దాటితే నా బల్లే. స్మాష్‌కి ముందు చూపు. లాంగ్ షాట్‌కి ముందు చూపు. సూటిగా నా మీదకి. ప్రతిసారీ నేను తల దించేసుకున్నాను. నన్ను చూడట్లేదని తెలుసు. అయినా ఆ కళ్ళు నా వైపు వచ్చినప్పుడల్లా నన్నే అడుగుతున్నట్టుంది.

మొదటి గేము గెలిచింది! నిచ్చెన రెండుసార్లు డ్రాప్ అనుకుని ముందుకి ఉరికింది, షటిల్ తల మీంచి వెనక్కి వెళ్ళిపోయింది. హాలంతా చప్పట్లు. నేను మాత్రం నేల చూస్తూ కొట్టాను.

గేము అయ్యాక వైపులు మారారు. ఇప్పుడు చిట్టి ఎడమ మూల హాలుకి అవతలి పక్క. నా మీద చూపు పడదు. అమ్మయ్య అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. వెంటనే దిగిన బరువు చూసి నాకే అసహ్యమేసింది. పదేళ్ళుగా ప్రతి పోటీకీ దాని ఎదురుగా కూర్చుని గొంతు పోయేలా అరిచేదాన్ని. ఇవాళ దాని కళ్ళు అటు తిరిగాయని సంతోషిస్తున్నాను.

లేచాను. సంచీ పట్టుకుని, వరస మొత్తం మోకాళ్ళకి తగులుకుంటూ, "కొంచెం జరగండి, కొంచెం జరగండి" అంటూ అవతలి పక్కకి వెళ్ళాను. కోచ్ సారు విసుక్కున్నాడు, "ఏంటమ్మా, ఆ సీటు నచ్చలేదా?" అక్కడ కూడా స్తంభం పక్కన బల్ల ఉంది, ఒక ముసలాయన్ని బతిమాలి సర్దుకున్నాను. కూర్చుని తలెత్తాను.

చిట్టి బ్యాట్ ఎత్తింది. కళ్ళు మూలకి వచ్చాయి. నేను తల దించలేదు.

ఒక్క క్షణం ఎక్కువ ఆగాయనిపించింది. అనిపించిందేమో.

రెండో గేము పోయింది, మోకాలు పట్టేసింది. మూడో గేముకి మళ్ళీ మారారు, నేనూ మారాను. మధ్యలో పదకొండు పాయింట్ల దగ్గర ఇంకోసారి మారారు, నేనూ. ఈసారి ఎవరూ విసుక్కోలేదు, ముందే కాళ్ళు ముడుచుకున్నారు. ఆఖరి పాయింటుకి చిట్టి నా వైపు చూసింది, నిచ్చెన కదల్లేదు, వెనక్కి పడుతుందనుకుంది. షటిల్ నెట్‌కి ఆనుకుని ఎడమ మూలలో మెత్తగా రాలింది. అదే డ్రాప్. అదే మూల.

గెలిచింది.

చోటు మాత్రం నిచ్చెనకి. చెరొకటి గెలిస్తే రెండు పోటీల పాయింట్లు కలుపుతారు. ఇవాళ్టివన్నీ కలిపినా ఆ శనివారం నాటి తొమ్మిది, పదకొండుల లోటు పూడలేదు. అవి చిట్టి పోగొట్టుకున్నవి కావు. ఎవరు పోగొట్టారో నాకు తెలుసు.

బయట మెట్ల మీద మోకాలికి ఐసు పెట్టుకుని కూర్చుంది. పక్కన నిలబడ్డాను. ఏం మాట్లాడాలో తెలీలేదు, కాబట్టి మాట్లాడలేదు. జీవితంలో ఇది ఎన్నోసారో, మొదటిసారే అనుకుంటా.

"అలా అటూ ఇటూ ఎందుకు తిరిగావు?" అంది.

"నువ్వు చూసే వైపు ఉందామని."

"నేను మూల చూస్తున్నానక్కా. నిన్ను కాదు."

"తెలుసు."

ఐసు సంచీ ఇటు నుంచి అటు మార్చుకుంది. "మూలలో ఏమీ ఉండదు కదా, కళ్ళు ఆగవు. దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలి" అంది. తర్వాత చెయ్యి చాపింది, లేపమని. లేపాను. ఇంటిదాకా నా భుజం పట్టుకునే నడిచింది.


ముప్పై, శుక్రవారం

నిచ్చెన ఎల్లుండి టీముతో వెళ్తోంది. రెండు బ్యాట్లూ తెచ్చింది. కౌంటర్ దగ్గర చిట్టే ఉంది. ఇద్దరూ కాసేపు నేల చూపులు చూసుకున్నారు. తర్వాత చిట్టి, "ఏ తీగ వెయ్యాలి మహారాణీ?" అంది. నిచ్చెన నవ్వింది. స్టూలు లాక్కుని కూర్చుంది. నేను తీగ లాగుతూ కూర్చున్నాను. వాళ్ళే మాట్లాడుకున్నారు. నేను నోరు విప్పకుండా ఒక బ్యాట్ పూర్తి చేయడం చూసి చిట్టి, "మా అక్కకి గొంతు నొప్పి" అని చెప్పింది. చిన్నగా నవ్వింది. నాకు సిగ్గేసింది గానీ, ఆ నవ్వు కోసం ఇంకో పది బ్యాట్లు మూగగా కట్టమన్నా కడతాను.

ఆ పిల్ల వెళ్ళాక చిట్టి, "మళ్ళీ ఏడాది చూద్దాంలే, మోకాలు ఒప్పుకుంటే" అంది. ఆపేస్తానన్న పిల్ల! నాకు ఒళ్ళు తెలీలేదు. పోయిన శుక్రవారం మూడు గేములూ నోరు మూసుకుని చూశాను కదా, అలా చూస్తే ఎన్నో కనపడతాయి. నాకొకటి కనపడింది. సంతోషంలో నోరు దానంతటదే తెరుచుకుంది.

"చిట్టీ, ఆ నిచ్చెన ఉంది చూడు, స్మాష్ కొట్టేముందు..."

చిట్టి చెయ్యెత్తింది. "అక్కా."

సగంలో మింగేశాను. ఇంకా ఆ పిల్ల కూర్చున్న స్టూలు వెచ్చగానే ఉంది. మెషిన్ మీద ఆ పిల్ల బ్యాటే ఉంది. చెవులదాకా వేడెక్కిపోయింది.

"నేనే చూసుకుంటాలే" అంది చిట్టి, లోపలికి వెళ్తూ. "నా కళ్ళు బాగానే ఉన్నాయి."

నేను చూసిందేంటో ఇక్కడ కూడా రాయను. చేతికి తెలిస్తే నోటికి తెలుస్తుంది.